పాత చిన్న కార్లలో మొండి మిస్సింగ్: గోదావరి డెల్టాలో లోప నిర్ధారణ

ఇంజన్‌లో ఏదో ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మండించకుండా వదిలేయడాన్ని మిస్సింగ్ అంటారు. బండి స్లోలో నిలబడి వణుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే కుదుపులతో కదులుతుంది. పికప్ చచ్చిపోతుంది. సైలెన్సర్ చప్పుడు లయ తప్పుతుంది, వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన కొడుతుంది. ప్లగ్గులు మార్చి, ట్యూనింగు చేయించాక పది పదిహేను రోజులు బాగుండి మళ్ళీ మొదలైతే అది మొండి మిస్సింగ్. ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంకా తిరుగుతున్న పాత పెట్రోలు కార్లతో షెడ్డుకు వచ్చేవాళ్ళు తరచుగా చెప్పే ఫిర్యాదుల్లో ఇదొకటి. పాతిక కారణాల్లో దేనివల్లనైనా ఇది రావచ్చు. అందుచేత తోచిన భాగాన్నల్లా మార్చుకుంటూ పోతే బండి ఖరీదుకు దగ్గరపడే ఖర్చవుతుంది గాని లోపం దొరకదు. ఎప్పుడు మిస్సవుతోంది, ఏ సిలిండరు మిస్సవుతోంది అన్న రెండు సంగతులు ముందు తేలాలి. స్పానర్ ఆ తర్వాతే పట్టాలి.

డెల్టాలో తిరిగే పాత బళ్ళు

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు కొనుగోలుదారు చేతికి అందాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, 68.5 మి.మీ. బోరు, 72 మి.మీ. స్ట్రోకు ఉన్న ఎఫ్8బి ఇంజన్ దానిది. 1986లో ఆకారం మారింది. 2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి, సిలిండరుకొక ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. 2014 జనవరి 18న ఉత్పత్తి ఆగింది. అదే కుటుంబానికి చెందిన ఇంజన్‌ను ముందు సీట్ల కింద పెట్టుకున్న మారుతి వ్యాను 1984లో వచ్చి, తర్వాత ఆమ్నీ పేరుతో 2019 దాకా తయారైంది. 1993లో జెన్, 1998లో శాంత్రో, 2000లో ఆల్టో వీటికి తోడయ్యాయి. నంబరు ప్లేటు మీద ఏపీ 5 (తూర్పు గోదావరి) గాని ఏపీ 37 (పశ్చిమ గోదావరి) గాని కనిపిస్తే ఆ బండి 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస రాకముందుదని తెలిసిపోతుంది.

ఈ బళ్ళ బతుకు రెండు రకాలు. కొన్ని రోజూ కష్టపడతాయి. స్కూలు పిల్లల్ని మోసే ఆమ్నీలు, పల్లెల చుట్టూ తిరిగే డాక్టర్ల 800లు ఆ కోవలోవి. రెండో రకం బళ్ళు పెంకుటింటి పక్క షెడ్డులో గోనె పరదా వెనక ఉంటాయి. పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో సంక్రాంతికి వచ్చినప్పుడే వాటికి తాళం తిరుగుతుంది. రెండు రకాలకూ మిస్సింగ్ వస్తుంది, అయితే కారణాలు మాత్రం వేరు. రోజూ తిరిగేదానికి అరుగుదల, తిరగనిదానికి తేమ, ఎలుకలు, నిలవ పెట్రోలు.

మండటంలో లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకొకసారి ఒక్కో సిలిండరు మండుతుంది. స్లోలో నిమిషానికి 900 చుట్లనుకుంటే ఒక సిలిండరు సెకనుకు ఏడున్నరసార్లు మండాలి, మూడూ కలిపి ఇరవై రెండుసార్లకు పైనే. ఎఫ్8బిలో వంతుల వరస 1-3-2. ఒక సిలిండరు పడిపోతే మూడోవంతు బలం పోవడమే కాకుండా, పనిచేయని పిస్టన్‌ను ఈడ్చే భారం కూడా మిగతా రెండింటి మీదే పడుతుంది. నాలుగు సిలిండర్ల శాంత్రోలో అదే లోపానికి పోయేది పావు వంతు. అందుకే 800 యజమాని ఇంజన్ ఊడిపోతోందేమోనని కంగారుపడే చోట శాంత్రో యజమాని ఏసీ వేసినందువల్ల వణుకుతోందని సరిపెట్టుకుంటాడు.

మండటానికి కావలసినవి నాలుగు: గట్టి నిప్పు, సరైన పాళ్ళలో మిశ్రమం, తగిన కంప్రెషన్, వీటన్నిటినీ ఒకచోటికి తెచ్చే టైమింగ్. ఏ ఒక్కటి తగ్గినా మిస్సింగే. మండని పెట్రోలు ఊరికే పోదు. కొంత సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. మిగతాది సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని ఎర్రగా కాల్చేస్తుంది. ఇంటికి దగ్గరే కదా అని నెలలకొద్దీ అలాగే తోలేవాళ్ళు ప్లగ్గు తీగతో పోయేదాన్ని పిస్టన్ రింగుల దాకా తెచ్చుకుంటారు.

ఒక ముందుజాగ్రత్త. వణికేదంతా మిస్సింగ్ కాదు. మూడు సిలిండర్ల ఇంజన్‌కు పుట్టుకతోనే కొంత వణుకుంటుంది. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చిన బండి అంతకంటే వణుకుతుంది. అయితే ఆ వణుకు ఇంజన్ చుట్లతో పాటు ఒకే తీరుగా సాగుతుంది. మిస్సింగ్‌లో మధ్యలో దెబ్బ తప్పుతుంది, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే ఆ తప్పు అరచేతికి తెలుస్తుంది.

ఎప్పుడు మిస్సవుతోంది

ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడా, వేడెక్కాకా, వానలోనా, స్లోలోనా, బరువు మీదా? ఈ ప్రశ్నకు యజమాని చెప్పే జవాబు సగం నిర్ధారణ. చల్లగా ఉన్నప్పుడు మిస్సయి, కాస్త దూరం పోయాక సర్దుకునేది చోక్, మిశ్రమం లేదా బిగుసుకున్న వాల్వుల వైపు చూపిస్తుంది. వేడెక్కాకే మొదలయ్యేది ఇగ్నిషన్ కాయిల్, డిస్ట్రిబ్యూటర్‌లోని ఎలక్ట్రానిక్ మాడ్యూలు లేదా పెట్రోలు దారిలో ఆవిరి వైపు. రోహిణీ కార్తె ఎండల్లో రాజమండ్రి ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచిన పాత కార్బురేటర్ బండి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయగానే తేరుకుంటే ఆ గుడ్డే సాక్ష్యం. స్లోలో మాత్రమే మిస్సయి పరుగులో బాగుంటే గాలి లీకు లేదా కాలిన ఎగ్జాస్ట్ వాల్వు అనుమానించాలి. స్లోలో బాగుండి బరువు మీద మిస్సయితే నిప్పు బలహీనపడిందన్నమాట. సిలిండరులో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు సందు దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అది రాక, ఉన్న నిప్పు తీగలోనో డిస్ట్రిబ్యూటర్ క్యాపులోనో వేరే దారి చూసుకుంటుంది.

ఈ చివరి రకం మిస్సింగ్ విషయంలో డెల్టాకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ నేల బల్లపరుపు. భీమవరం నుంచి అమలాపురం దాకా కాలవగట్ల మీద ముప్పై నలభై వేగంతో తిరిగే బండికి ఇంజన్ పూర్తి బరువు మోసే సందర్భమే రాదు. నిప్పు నెలల తరబడి నీరసించినా పైకి తెలియదు. ఏ అన్నవరం వ్రతానికో కుటుంబమంతా ఎక్కి రత్నగిరి ఎక్కుతున్నప్పుడో, ద్వారకా తిరుమల పోతున్నప్పుడో, మారేడుమిల్లి ఘాటు మొదట్లోనో బండి హఠాత్తుగా మూలుగుతుంది. కొండ వల్ల పాడైందని ఇంటికొచ్చి చెబుతారు. నిజానికి కొండ బయటపెట్టింది, అంతే. రాజమండ్రి, కొవ్వూరు వైపు వాళ్ళకు ఈ పరీక్ష చేతికి దగ్గరే ఉంది. 1974లో ప్రారంభమైన రైలు కమ్ రోడ్డు వంతెనలో రోడ్డు రైలు పట్టాల పై అంతస్తులో పోతుంది కనక, దాని మీదికి చేరే ఎత్తును పై గేరులోనే, వేగం తగ్గనివ్వకుండా ఎక్కితే బరువు మీది మిస్సింగ్ దాక్కోలేదు. షెడ్డులో నిలబెట్టి రేజు చేసి చూసి బాగుందనడం సరైన పరీక్ష కాదు.

ఏ సిలిండరు మిస్సవుతోంది

దీనికి పాత పద్ధతే ఇప్పటికీ మెరుగు. ఇంజన్ వేడెక్కాక స్లోలో ఉంచి, ప్లగ్గు తీగల క్యాపుల్ని ఒక్కొక్కటిగా, రబ్బరు పిడి ఉన్న పట్టుకారుతో తీసి మళ్ళీ పెడతారు. పనిచేస్తున్న సిలిండరు క్యాపు తీయగానే ఇంజన్ చుట్లు పడిపోతాయి, వణుకు పెరుగుతుంది. తీసినా ఏ తేడా రాకపోతే అదే చచ్చిన సిలిండరు. తీసిన క్యాపును గాలిలో వదిలేయకూడదు. పాత ప్లగ్గొకటి దానికి తగిలించి ఇంజన్ లోహానికి ఆనించి ఉంచాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బళ్ళలో నిప్పుకు దారి లేకపోతే కాయిలో మాడ్యూలో కాలిపోవచ్చు. ఎంపీఎఫ్‌ఐ బళ్ళలో ప్లగ్గు తీగకు బదులు ఇంజెక్టరు కనెక్షన్ తీయడం మంచిది, మండని పెట్రోలు కన్వర్టర్‌కు చేరదు.

సిలిండరు తేలాక మార్పిడి పరీక్ష. మూడో సిలిండరు మిస్సవుతోందనుకుందాం. దాని ప్లగ్గు తీసి ఒకటో సిలిండరుకు, ఒకటోదాని ప్లగ్గు మూడోదానికి వేస్తారు. మిస్సింగ్ ఒకటో సిలిండరుకు మారితే దోషం ప్లగ్గుది. మారకపోతే తీగలు, ఎంపీఎఫ్‌ఐ అయితే ఇంజెక్టర్లు అదే తీరుగా తారుమారు చేస్తారు. ఒకసారి ఒక్క భాగమే మార్చాలి. అన్నీ మార్చినా మిస్సింగ్ మూడో సిలిండరునే పట్టుకుని ఉంటే ఇంజన్ లోపలికి, అంటే కంప్రెషన్ దాకా వెళ్ళాలి. ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా ప్లగ్గులు, తీగలు, క్యాపు, కాయిల్ అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు కథ మొదటికొస్తుంది.

తీసిన ప్లగ్గు కూడా చాలా చెబుతుంది. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. జిడ్డుగా తడిసి ఉంటే రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో ఆయిల్ వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కితే పెట్రోలు చాలక వేడెక్కింది. పింగాణీ బయటి వైపు, క్యాపు కూర్చునే చోట నిలువుగా ఒక సన్నటి నల్ల గీత ఉంటే నిప్పు లోపల దూకకుండా బయటినుంచే జారిపోతోందని అర్థం. ఆ గీత ఉన్న ప్లగ్గు ఒక్కటే మార్చి క్యాపు రబ్బరును వదిలేస్తే కొత్త ప్లగ్గు మీదా అదే గీత పడుతుంది. నెలలోపు తిరిగొచ్చే మిస్సింగ్‌లకు ఇదో ముఖ్య కారణం.

నిప్పు, తేమ, ఉప్పు

కార్బురేటర్ కాలపు బళ్ళలో నిప్పు దారి పొడుగు. బ్యాటరీ, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, రోటరు, తీగలు, ప్లగ్గు. మరీ పాతవాటిలో వీటికి తోడు పాయింట్లు, కండెన్సరు. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టులకు తేమ తగిలిన దుమ్ము కూడా దారే. జూన్ నుంచి అక్టోబరు దాకా డెల్టాలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి వరదల్లో మునిగిపోతుంటాయి. నీళ్ళు తీయకముందే మోకాలి లోతులో బండి దింపేవాళ్ళు ఉంటారు. రేడియేటర్ ఫ్యాను ఆ నీళ్ళను ఇంజన్ మీదికి చిమ్ముతుంది.

తేమ మిస్సింగ్‌ను పట్టడానికి చీకటి కావాలి. రాత్రిపూట లైట్లు ఆర్పి బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా మొక్కలకు వాడే స్ప్రే సీసాతో తీగల మీద, క్యాపు చుట్టూ సన్నగా నీళ్ళు చిలకరించాలి. చేతులు మాత్రం దూరంగా ఉండాలి. లీకున్న చోట తీగ నుంచి ఇంజన్ లోహం మీదికి నీలి రంగు వెలుగు చిటచిటమంటూ దూకుతుంది, ఆ క్షణానే ఇంజన్ తడబడుతుంది. పగలు గంటలకొద్దీ వెతికినా కనిపించనిది ఇలా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. ఆమ్నీలో ఈ పరీక్ష కష్టం. ఇంజన్ సీటు కింద ఉంటుంది గనక సీటెత్తాలి, లోపల చేరిన ఇసుక, ధాన్యపు పొట్టు ముందు తుడవాలి. ఆ పొట్టే తేమ పట్టి నిప్పుకు దారవుతుంది.

డిస్ట్రిబ్యూటర్ క్యాపు విప్పి లోపలి వైపు వెలుగులోకి తిప్పి చూస్తే రెండు కొనల మధ్య పెన్సిల్ గీతలాంటి నల్లటి జాడ కనిపించవచ్చు. దాన్ని బ్లేడుతో గీకి మళ్ళీ బిగించడం మామూలుగా జరిగే పని. వారం పది రోజులకు జాడ మళ్ళీ పడుతుంది, ఎందుకంటే గీకిన గరుకులో తేమ ఇంకా బాగా నిలుస్తుంది. క్యాపు మార్చాల్సిందే. తీగల నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచి చూడాలి. కార్బన్ తీగలకు మీటరు పొడవుకు పది ఇరవై వేల ఓములు ఉండటం సహజం. మూడు తీగల్లో ఒక్కటి మాత్రం లక్షల్లో చూపిస్తే అది తెగినట్టే. తీగను వంచుతూ కొలవాలి, కదిపినప్పుడే తెగేవీ ఉంటాయి.

సముద్రం దగ్గర బళ్ళకు ఇంకొక జబ్బు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలికి, భీమవరం చుట్టూ ఉప్పునీటి చెరువుల మధ్య తిరగడం వల్ల బ్యాటరీ నుంచి ఇంజన్‌కు పోయే ఎర్త్ తీగ లోలోపల పచ్చగా తుప్పు పడుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు శుభ్రంగానే ఉంటుంది. ఎర్త్ బలహీనమైతే కాయిల్‌కు అందే వోల్టేజీ తగ్గి నిప్పు పలచబడుతుంది, సెన్సర్ల లెక్కలు కూడా తప్పుతాయి. పరీక్ష తేలిక. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పాడైంది. వెయ్యి రూపాయలు కూడా కాని ఈ తీగను ఎవరూ అనుమానించరు.

ఎలుకల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ పొలాల్లోంచి బయటపడ్డ ఎలుకలు ఇళ్ళలోకి, షెడ్లలోకి చేరతాయి. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది. ఇంజెక్టరు తీగ ఒక్కటి కొరికినా ఒక సిలిండరు శాశ్వతంగా ఆగుతుంది. ఆ తీగల కట్టను టేపు విప్పి పొడుగునా చూడాలి. కొరికిన చోటు తరచుగా బ్యాటరీ కింద గాని ఇంటేక్ గొట్టం వెనక గాని ఉంటుంది.

గాలి, పెట్రోలు, ఈ20

కార్బురేటర్ సన్నటి స్లో జెట్‌లో చిన్న నలుసు పడినా స్లోలో తడబాటే. అయితే అది సాధారణంగా అన్ని సిలిండర్లకూ సమానంగా తగులుతుంది. ఒకే సిలిండరు మిశ్రమం చెడిందంటే ఆ సిలిండరుకు పోయే ఇంటేక్ దారిలో గ్యాస్కెట్ దగ్గర గాలి దూరుతోందని గట్టిగా అనుమానించాలి. స్లోలో నడుస్తుండగా గ్యాస్కెట్ అంచుల మీద, వాక్యూమ్ గొట్టాల మీద కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా చిమ్మితే లీకున్న చోట ఇంజన్ చప్పుడు మారుతుంది. వేడి సైలెన్సర్ దగ్గర చిమ్మకూడదు. బ్రేకు బూస్టర్ గొట్టాన్ని చాలామంది మరిచిపోతారు. బ్రేకు తొక్కినప్పుడల్లా స్లో మారే బండికి లోపం అక్కడే ఉండొచ్చు.

పెట్రోలు కూడా ఇప్పుడు పాత పెట్రోలు కాదు. దేశంలో ఇథనాల్ కలపడం 2022 నాటికి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో 20 శాతం కలిపిన ఈ20 మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా అదే అయింది.    పాత బండి మీద ఈ20 ప్రభావం ఏమిటంటే, మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి లెక్క కడితే 13.5 దరిదాపు. పాత పెట్రోలుకని కొలిచి వేసిన కార్బురేటర్ జెట్ అదే కొలతతో పోస్తే మిశ్రమంలో గాలి పాలు ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువవుతుంది. అప్పటికే అంచున నడుస్తున్న ఇంజన్ దాంతో మిస్సింగ్‌లోకి జారుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎంపీఎఫ్‌ఐ బండి తనంతట తాను సర్దుకుంటుంది, సెన్సర్ ముసలిదైతే తప్ప. కార్బురేటర్ బండికి మాత్రం మెకానిక్కు మిశ్రమం స్క్రూను, అవసరమైతే జెట్‌ను సరిచూడాలి. ఈ0కి, అంటే ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, ఈ10కి సర్దుబాటైన కార్లకు ఈ20 మీద మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అంతకు మించి పడిపోతే ఇథనాల్‌ను తిట్టుకోవడం ఆపి మిస్సింగ్ కోసం వెతకాలి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా కదలని బండి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, లోపలి తడిగాలి నీటిని పెట్రోలులోకి చేరుస్తూనే ఉంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి అడుక్కు దిగిపోతుంది. పంపు మొదట లాగేది ఆ అడుగు పొరనే. కార్బురేటర్ గిన్నె కింది మర విప్పి పెట్రోలును గాజు సీసాలోకి పట్టి కాసేపు కదలకుండా ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి. పాత రబ్బరు పైపులు, డయాఫ్రములు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. ఆ రబ్బరు పొడి జెట్లలో చేరి, శుభ్రం చేసిన కార్బురేటర్‌ను మళ్ళీ మళ్ళీ మూసేస్తుంది. కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా మిస్సింగ్ తిరిగొస్తుంటే ట్యాంకు నుంచి పైపులన్నీ మార్చాలి.

కంప్రెషన్

నిప్పు, పెట్రోలు బాగానే ఉన్నాయని తేలితే ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గేజి బిగించి సెల్ఫ్ కొట్టాలి. ఈ చిన్న పెట్రోలు ఇంజన్లలో ఆరోగ్యంగా ఉంటే చదరపు సెంటీమీటరుకు 12 కిలోలు పైగానే వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకదానికొకటి కిలోకు మించి తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అంకె లేస్తే రింగులు, బోరు అరిగాయి. లేవకపోతే వాల్వులు గాని హెడ్ గ్యాస్కెట్ గాని. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందనే అర్థం. రేడియేటర్‌లో బుడగలు, తెలియకుండా తగ్గిపోయే నీళ్ళు దీనికి సాక్ష్యం.

కాలిన ఎగ్జాస్ట్ వాల్వును పట్టడానికి పాత మెకానిక్కులకు ఒక చిట్కా ఉంది. ఇంజన్ స్లోలో ఉండగా సైలెన్సర్ గొట్టం చివర కాగితం ముక్క పట్టుకుంటారు. మామూలుగా కాగితం బయటికే కొట్టుకుంటుంది. మధ్య మధ్యలో గొట్టంలోకి పీల్చుకుంటే ఒక ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం లేదు. దీని వెనక చాలాసార్లు ట్యాపెట్లను, అంటే వాల్వుకూ దాన్ని తెరిచే రాకరుకూ మధ్య సందును, సరిచూసుకోని నిర్లక్ష్యం ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎఫ్8బిలో 0.15 మి.మీ. దరిదాపు ఉండాల్సిన సందు వాల్వు సీటు అరిగేకొద్దీ తగ్గి, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్ల చప్పుడు వినిపిస్తే యజమాని పరుగెత్తుకొస్తాడు. సందు తగ్గిపోతే చప్పుడు ఆగుతుంది, బండి ‘సాఫీగా’ అయిందని సంతోషిస్తాడు. వాల్వు కాలడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

గ్యాసు మీద నడిచే బళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఎల్పీజీ కిట్లు పెట్టించిన ఆమ్నీలు, గోదావరి గ్యాస్ సంస్థ స్టేషన్లు వచ్చాక సీఎన్‌జీకి మార్చిన పాత కార్లు వాల్వు సీట్లను పెట్రోలు బళ్ళ కంటే ఎక్కువ అరగదీస్తాయి. గ్యాసును మండించడానికి నిప్పు కూడా ఎక్కువ కావాలి. పెట్రోలు మీద బాగుండి గ్యాసు మీద మిస్సయితే కిట్‌ను తిట్టే ముందు ప్లగ్గు సందు, తీగలు చూడాలి. రెండింటి మీదా స్లోలో ఒకే సిలిండరు మిస్సయితే ట్యాపెట్లు సరిచూడాలి.

స్కానర్ ఏం చెబుతుంది

స్కానర్ తగిలిస్తే కంప్యూటరే చెబుతుందని కొత్తతరం నమ్మకం. బండి తన లోపాలను తానే గమనించే ఏర్పాటును ఓబీడీ అంటారు. దేశంలో మిస్సింగ్‌ను గమనించే రెండో దశ ఓబీడీ 2013 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందటి ఎంపీఎఫ్‌ఐ బళ్ళలో చాలావాటికి సెన్సరు తెగితే తెలుస్తుంది గాని సిలిండరు మండకపోతే తెలియదు. తర్వాతి బళ్ళలో పీ0301 అంటే ఒకటో సిలిండరు, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఏదని తేల్చలేని మిస్సింగ్. ఈ కోడ్ సిలిండరు పేరు చెబుతుంది, కారణం చెప్పదు. మరో మోసం కూడా ఉంది. మండని సిలిండరు నుంచి ఆక్సిజన్ అలాగే బయటికి పోతుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. దాంతో ‘లీన్’ కోడ్ పట్టుకుని పెట్రోలు పంపు మార్చిన బళ్ళున్నాయి, అసలు దోషం మాత్రం ప్లగ్గు తీగది. డిస్ట్రిబ్యూటర్ లేని కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఒక కాయిల్ రెండు సిలిండర్లకు నిప్పిస్తుంది. 1, 4 గాని 2, 3 గాని జంటగా మిస్సయితే కాయిల్‌నే ముందు చూడాలి.

ఎందుకు మొండికేస్తుంది

కొత్త భాగం మంచిదేనని నమ్మడం మొదటి కారణం. ఆటోనగర్లలో పేరున్న కంపెనీ పెట్టెలోనే నకిలీ ప్లగ్గులు దొరుకుతాయి. కొత్త ప్లగ్గు వేసేముందు ఎత్తు నుంచి కింద పడ్డా లోపలి పింగాణీ పగలవచ్చు. మార్చిన భాగం కూడా అనుమానితుల వరసలోనే ఉండాలి. రెండోది, ఒకటి కాకుండా రెండు లోపాలు కలిసి ఉండటం. కాస్త తక్కువ కంప్రెషన్, కాస్త నీరసమైన కాయిల్ విడివిడిగా మిస్సింగ్ తేవు, కలిస్తే తెస్తాయి. కాయిల్ మార్చగానే సర్దుకుంటుంది, వానాకాలం రాగానే తిరిగొస్తుంది. మూడోది టైమింగ్ బెల్టు. ఎప్పుడో బెల్టు వేసినప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, ఎన్ని ప్లగ్గులు మార్చినా నీరసంగానే. బెల్టు మార్చిన తేదీ, మిస్సింగ్ మొదలైన తేదీ పక్కపక్కన ఉన్నాయా అని అడగడం ఎవరికీ తోచదు.

పొగ పరీక్ష కాగితం

పెట్రోలు బంకు దగ్గర వ్యానులో చేసే పొల్యూషన్ పరీక్షను అందరూ స్టిక్కరు కోసం చేయించుకుంటారు. ఆ కాగితం మీది రెండు అంకెలు నిర్ధారణకు పనికొస్తాయి. బీఎస్-2 (భారత్ స్టేజ్-2) ఉద్గార ప్రమాణాలకు ముందటి నాలుగు చక్రాల పెట్రోలు బళ్ళకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. బీఎస్-2, బీఎస్-3కు 0.5 శాతం, 750 పీపీఎం. బీఎస్-4కు 0.3 శాతం, 200 పీపీఎం. హైడ్రోకార్బన్లంటే మండకుండా వచ్చిన పెట్రోలు. అవి బాగా పెరిగి మోనాక్సైడ్ మామూలుగా ఉంటే నిప్పు తప్పుతోంది లేదా మిశ్రమం పలచనైంది. రెండూ పెరిగితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. మరమ్మతుకు ముందొకటి, తర్వాతొకటి కాగితం తీసుకుంటే ‘బాగైపోయింది’ అన్న మాటకు లెక్క ఉంటుంది. పదిహేనేళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఆ రుసుము 10,000 రూపాయలైంది. ఆ సొమ్ము కట్టే ముందే ఈ రెండు అంకెలు, కంప్రెషన్ అంకెలు చేతిలో ఉంచుకుంటే బండి ఉంచాలా వదిలించుకోవాలా అన్నది తేలుతుంది. మూడు సిలిండర్లూ సమానంగా కొడుతుంటే ఉంచవచ్చు. బోరు అరిగి రీబోరుకు వచ్చిందంటే ఆ ఖర్చు బండి విలువను దాటుతుంది.

లోపం సరిచేశాక ఇంజన్ ఆయిల్, ఫిల్టరు తప్పక మార్చాలి. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే, నెలల తరబడి మిస్సింగ్‌తో తిరిగిన బండిలో ఆయిల్ బదులు పెట్రోలు వాసన వస్తుంది, మట్టం కూడా గీత పైకి చేరి ఉంటుంది. ఆ పలచని ఆయిల్‌తోనే తోలితే బేరింగులు పోతాయి. కన్వర్టర్ ఉన్న బండి మిస్సింగ్ పోయాక కూడా వేగం అందుకోకపోతే, లోపలి తేనెపట్టు కరిగి గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి. సైలెన్సర్ జాయింటు కొద్దిగా వదులు చేసి నడిపితే ఇంజన్ తేరుకుంటుందా లేదా అన్నదే దానికి పరీక్ష.